ఆదివారం గారికి ఒక మనవి

మహారాజశ్రీ ఆదివారం గారి సముఖానికి, నెల్లూరు నుంచి ఒక బడిపంతులమ్మ రాసుకునే మనవి.

క్యాలెండర్‌లో మిమ్మల్ని ఎర్రగా అచ్చేస్తారు. అది సెలవని కొందరంటారు, ప్రమాద సూచికని నేనంటాను. బొంబాయి మిల్లు కార్మికులకి 1890లో మిమ్మల్ని సాధించిపెట్టింది నారాయణ్ మేఘాజీ లోఖండే. పుణ్యాత్ముడు మిల్లు ఆపించాడు గానీ, పొయ్యి సంగతి ఆయన దాకా ఎవరూ తీసుకుపోయినట్టు లేదు.

సోమవారం నుంచి మా ఇంట్లో అన్నిటికీ ఒకటే మంత్రం: "ఆదివారం చూసుకుందాంలే." బూజు, దుప్పట్లు, ఇడ్లీ పిండి, పిల్లాడి ప్రాజెక్టు చార్టు, నేను దిద్దాల్సిన పరీక్ష పేపర్లు అన్నీ మీ గుమ్మం ముందు క్యూ కడతాయి. వాటన్నిటికంటే ముందు చేపలొస్తాయి.

మా ఆయన సంచీ ఊపుకుంటూ వచ్చి, "కొరమీను, భలే దొరికిందిలే" అని సింకులో పడేసి పేపరు పట్టుకుంటారు. కొరమీను చేతిలో నిలవదు. రాళ్ళుప్పేసి రుద్దాలి, జిగురు పోయేదాకా కడగాలి, మళ్ళీ పసుపేసి కడగాలి. చింతపండు పిసకాలి, మామిడికాయ కొయ్యాలి, చట్టిలో పులుసు మరిగేటప్పుడు గరిటె పెట్టకుండా గుడ్డతో పట్టి తిప్పాలి, ముక్క విరిగితే పరువు పోతుంది. భోజనానికొచ్చిన చుట్టాలకి ఆయన చెప్పేది మాత్రం, "ఈ వారం పులుసు నాదే, చేప నేనే ఏరుకొచ్చా!" సాయంత్రం నేను దిద్దిన పేపర్లు మర్నాడు పిల్లలు వాసన చూస్తారు.

2024లో కేంద్ర ప్రభుత్వం సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారట. ఆ 88 కూడా అసలు పని ముట్టుకునే మగవాళ్ళ సగటేనండీ! మా ఆయన ఆ లెక్కలోకే రారు.

దూబగుంట ఆడవాళ్ళది ఈ జిల్లానే. 1992లో వాళ్ళు సారా మీద తిరగబడితే మరుసటేడు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకి అంగడి ఉండబట్టి మూయించగలిగారు. మీకు అంగడేదీ? ఎక్కడని ధర్నా చేసేది?

నా సెలవు ఎప్పుడో చెప్పనా? సోమవారం పొద్దున. కావలి వైపు పోయే రైల్లో కిటికీ పక్కన సీటు దొరికితే, దిగేదాకా నన్ను ఎవరూ ఏమీ అడగరు. "సండే బాగా రెస్టు తీసుకున్నారా మేడం?" అని తోటి మాస్టారు అడిగినా నిద్ర నటిస్తాను.

కాబట్టి విన్నపం ఏమంటే, వచ్చే వారం తమరు మా ఇంటికి దయచేసేసరికి నేను పిల్లాణ్ణి తీసుకుని మా అక్క వాళ్ళింటికి ఒంగోలు పోయుంటాను. రాళ్ళుప్పు డబ్బా సింకు పక్కనే పెట్టాను. కొరమీనూ, మా ఆయనా, తమరూ మాట్లాడుకోండి.

ఇట్లు,
289 నిమిషాల తాలూకు మనిషి