తెలుగు డైలీ సీరియల్ గారికి కొన్ని ధర్మసందేహాలు

మహారాజశ్రీ తెలుగు డైలీ సీరియల్ గారి దివ్యసముఖమునకు,

సాయంత్రం ఆరు మొదలు రాత్రి పది దాకా మా ఇంట్లో మీదే రాజ్యం కనుక తమరి క్షేమసమాచారం వేరే అడగనక్కర్లేదు. పడకగదిలో పట్టుచీరల గురించి గాని, ఒక్క చెంపదెబ్బను మూడు కోణాల్లో మూడుసార్లు చూపడం గురించి గాని ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. నన్ను వేధిస్తున్నది మీ నీతిశాస్త్రం. మిమ్మల్ని ఉత్త కాలక్షేపమని చిన్నచూపు చూసేవారు గమనించలేదు గాని, మన తత్వశాస్త్రంలోని షడ్దర్శనాల పక్కన ఏడోదిగా చేర్చదగిన దర్శనం మీకు ఒకటి ఉంది. దాని మూలసూత్రం ఇది: నిజం తెలిసిన ఇల్లాలు దానిని దేవుడి పటానికి చెప్పవచ్చు, తులసికోటకు చెప్పవచ్చు, తలుపు చాటున నక్కిన ప్రతినాయికకు వినబడేంత గట్టిగా తనలో తాను చెప్పుకోవచ్చు, ఆ నిజం ఎవరికి తెలియాలో ఆ ఒక్కరికి మాత్రం చెప్పరాదు.

ఉదాహరణకు 2017లో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా నడిచిన మీ ‘కార్తీక దీపం’నే తీసుకుందాం. మలయాళంలో ‘కరుత్తముత్తు’గా పుట్టిన ఆ కథలో, తాను తండ్రి కాలేనన్న అబద్ధాన్ని నమ్మిన భర్త, గర్భవతి అయిన భార్యను అనుమానించి దూరం చేసుకున్నాడు. అతడు వైద్యుడు. డాక్టర్ బాబు ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే పోలేదా అని తెలుగుదేశమంతా ఏళ్ల తరబడి నవ్వుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిజం తెలుసుకోవడానికి ప్రత్యక్షం, అనుమానం (అంటే తర్కించి తేల్చుకోవడం), ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను ఒప్పుకున్న న్యాయదర్శనాన్ని మీరు కొట్టివేసి, సగం విన్న మాటను ఐదోదిగా ప్రతిష్ఠించి, వైద్యశాస్త్రం చదివినవాడి చేత కూడా దానికే మొక్కించారు కదా, అది సామాన్యమైన విజయం కాదు. పైగా రుజువు వెతకవలసిన భారం అనుమానించినవాడిది కాదని, అనుమానానికి గురైన ఆవిడ ఓర్పుతో, కన్నీటితో, వంటతో దాన్ని తీర్చుకోవాలని కూడా నిర్ణయించారు. ఏ స్మృతిలో ఉందండీ ఇది?

సత్యం గురించి మీకన్నా ముందువారు తలలు బద్దలు కొట్టుకోలేదని కాదు. దొంగలు అడిగితే నిజం చెప్పి, దాక్కున్నవారిని చంపించి, నరకానికి పోయిన కౌశికుడి కథను కర్ణపర్వంలో కృష్ణుడు చెబుతాడు. ఇంటి తలుపు తట్టిన హంతకుడికైనా అబద్ధం చెప్పరాదని 1797లో జర్మన్ తత్వవేత్త కాంట్ దానికి పూర్తిగా ఎదురు వాదించాడు. నిజం చెబితే మనిషికి ప్రాణాపాయమా అన్నది వారిద్దరి ముందున్న చిక్కు. నిజం చెబితే ఎపిసోడ్‌కు ప్రాణాపాయమా అన్నది మీ చిక్కు.

మౌనమే మహిళకు అలంకారమని మీరు పురాణాల సాక్షిగా చెప్పుకుంటున్నట్టు కనబడుతోంది కనుక, కుంతి సంగతి ఒకసారి గుర్తు చేస్తాను. కర్ణుడు తన కొడుకన్న నిజాన్ని ఆమె పాండవులకు చెప్పలేదు. యుద్ధం ముగిసి, చచ్చినవారికి తర్పణాలు వదిలేటప్పుడు గాని బయటపెట్టలేదు. అప్పటికి అన్నను తమ్ముడు చంపేశాడు. ధర్మరాజు శోకంతో, ఇకపై స్త్రీల నోట రహస్యం నిలవకూడదని శపించాడు. శాపం న్యాయమా అన్నది వేరే చర్చ (నాకైతే అన్యాయమనే అనిపిస్తుంది). కానీ వ్యాసుడు ఆ మౌనానికి ఒక వెల కట్టాడు, ఆ వెలను అందరి చేతా కట్టించాడు. మీ కథలో అదే మౌనానికి చివర్లో హారతి పడతారు. నిజం తెలిసిన భర్త రెండు కన్నీటిచుక్కలు రాలిస్తే పోయిన ఏళ్లన్నీ చెల్లిపోతాయి. ధర్మరాజు శాపం పని చేయని చోటు భూమండలం మీద మీ సెట్టు ఒక్కటే.

మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. దూరదర్శన్ రోజుల్లో వారానికొకటి చొప్పున 13 భాగాలకు అనుమతి వచ్చేది కనుక, ఎంతటి రహస్యమైనా పదమూడో వారానికి బయటపడక తప్పేది కాదు. మీకు ఆ గడువు లేదు. వారానికి ఐదారు రోజులు, రోజుకు అరగంట, ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల పైచిలుకు నింపాలి, గురువారం రేటింగులు చూసి ట్రాక్ మార్చాలి. మంచివాళ్లు మాట్లాడుకుంటే కథ అయిపోతుంది కనుక మాట్లాడనివాళ్లనే మంచివాళ్లుగా నియమించుకున్నారు. ఫలితంగా మీ లోకంలో వేళకు లేచి, పథకం వేసి, అది చెడితే నిరాశపడక మరొకటి వేసే కర్మయోగి ఒక్క ప్రతినాయిక మాత్రమే అయింది. ఆవిడను చూస్తే నాకు నిజంగానే గౌరవం కలుగుతుంది.

వ్యాపారం కోసం కథను సాగదీస్తే అర్థం చేసుకుంటాను. సాగదీతకు పాతివ్రత్యమని పేరు పెట్టి, దాన్ని మా పిల్లల చేత అన్నంతోపాటు తినిపించడమే మింగుడుపడటం లేదు. మీ కథానాయికను తిరగబడమని నేను కోరడం లేదు, ఇల్లు వదలమని కూడా అనడం లేదు. రేపటి ఎపిసోడ్‌లో ఆమె “ఆ రిపోర్టు తప్పండీ” అని భర్తతో అనబోతున్నప్పుడు దయచేసి ఫోన్ మోగించకండి. తప్పనిసరై మోగించినా, ఆమెను ఎత్తనివ్వకండి.

ఇట్లు,
రిమోట్ చేతికందని ఒక ప్రేక్షకుడు