స్పార్క్ ప్లగ్గులకు ఇనుప పైపు ఎందుకు?

ఇంజిన్‌లో పెట్రోలును రవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గులను ఇంట్లోనే మార్చుకోమనే సందేశాన్ని నాకు అందరికంటే ముందు పంపిన మా పెద్ద బావది డీజిల్ కారు. తర్వాత అది పదో తరగతి మిత్రుల బృందంలో వచ్చింది, అపార్ట్‌మెంటు బృందంలో వచ్చింది, చివరికి మా మేనల్లుడు "మామా, ఆదివారం మన బండికి చేద్దామా?" అంటూ పంపాడు. "కారు స్పార్క్ ప్లగ్గులు ఇంట్లోనే మార్చుకోండి, వేలు మిగుల్చుకోండి! పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజినీరు బయటపెట్టిన రహస్యాలు" అని శీర్షిక. తొమ్మిది పాయింట్లు, ఒక్కో పాయింటు చివర చప్పట్లు కొట్టే చేతులు. బావ సంగతి ఫరవాలేదు, డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గులే ఉండవు కనుక ఆయన ఎంత ప్రయత్నించినా ఆ బండికి ఏమీ కాదు. మేనల్లుడి చేతిలో మాత్రం నిజంగానే పానా ఉంది. అందుకే ఇది రాయక తప్పలేదు.

"ఏ కారుకైనా 15,000 కిలోమీటర్లకు ప్లగ్గులు మార్చాల్సిందే" అన్నది మొదటి పాయింటు. 'ఏ కారుకైనా' అన్నప్పుడే ఇది తేలిపోయింది. మామూలు నికెల్ ప్లగ్గులు 30, 40 వేల కిలోమీటర్లు నడుస్తాయి. ఇరిడియం ప్లగ్గులు లక్ష దాకా వస్తాయి. సీఎన్‌జీ మీద తిరిగే బండికి కాస్త ముందుగా మార్చాలి. మీ బండికి ఎన్ని వేలకో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో, కొన్న రోజు ఉన్న ప్లాస్టిక్ కవరులోనే భద్రంగా ఉంటుంది.

రెండోది "లీటరుకు 5 కిలోమీటర్ల మైలేజీ గ్యారంటీ". ప్లగ్గు అరిగి ఇంజిన్ తడబడుతుంటే పెట్రోలు వృథా అవుతుంది. కొత్తది వేస్తే ఆ వృథా ఆగుతుంది, అంతే. అంటే పోయిన మైలేజీ తిరిగి వస్తుంది, లేనిది పుట్టుకురాదు. ఎవరికైనా నిజంగా ఐదు కిలోమీటర్లు పెరిగిందంటే, వాళ్లు అన్నాళ్లూ మూలుగుతున్న బండినే నడిపారన్నమాట. లేదా పాత లెక్క అనంతపురం టవర్ క్లాక్ చుట్టూ ఏసీ వేసుకుని తిరిగినప్పటిది, కొత్త లెక్క బెంగళూరు హైవే మీద వేసినది అయి ఉంటుంది.

మూడోది మన మీద ప్రత్యేకమైన ప్రేమతో రాశారు: "రాయలసీమ ఎండలకు కంపెనీ ఇచ్చినదానికంటే ఒక నంబరు తక్కువ ప్లగ్గు వేయండి." ప్లగ్గు మొన పనిచేసేది సుమారు 500 నుంచి 800 డిగ్రీల వేడిలో. దాని ముందు అనంతపురంలో మే నెల ఎండ 42 డిగ్రీలైతే ఎంత, బెంగళూరులో 32 అయితే ఎంత? ఇక నంబరు విషయం. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో నంబరు తగ్గితే ప్లగ్గు మొన దగ్గర వేడి ఎక్కువగా నిలుస్తుంది. బాష్ ప్లగ్గుల్లో నంబరు తగ్గితే వేడి త్వరగా బయటికి పోతుంది. ఒకే సలహా విన్న ఇద్దరు అన్నదమ్ములు చెరో కంపెనీ ప్లగ్గు కొన్నారనుకోండి, ఒకడి ప్లగ్గుకు మసి పడుతుంది, రెండోవాడి ప్లగ్గు మొన ఎర్రగా కాలి, రవ్వ పడకముందే పెట్రోలును అంటించి పిస్టన్‌కు ఎసరు పెడుతుంది. కంపెనీ ఏ నంబరు ఇచ్చిందో అదే వేయండి. ఎండ సంగతి చూసుకోవడానికి రేడియేటర్ ఉంది.

ఇక నాలుగు, ఐదు. నాకు కోపం తెప్పించినవి ఇవే. మిగిలినవాటిలో చాలావాటివల్ల పోయేది కొంత డబ్బు, కొంత సమయం. ఈ రెండింటిని వరుసగా పాటిస్తే ప్లగ్గులు కూర్చునే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డే పోతుంది. ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను.

"4. బండిని ఓ పది కిలోమీటర్లు నడిపి, ఇంజిన్ కాలుతుండగానే ప్లగ్గులు విప్పండి. వెన్నలా వస్తాయి."

"5. కొత్త ప్లగ్గు మరలకు బాగా గ్రీజు రాసి, రాడ్డుకు ఇనుప పైపు తొడిగి, మీ బలమంతా పెట్టి బిగించండి. లేకపోతే కంప్రెషన్ లీకవుతుంది."

నాలుగో పాయింటు రాసినవారికి సగం భౌతికశాస్త్రం తెలుసు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఒళ్లు ఉక్కు, కాబట్టి వేడి మీద పట్టు కాస్త సడలుతుంది. నిజమే. మరి మిగతా సగం? వేడెక్కిన అల్యూమినియం మెత్తబడుతుంది కూడా. ప్లగ్గు కింది మరలకు పట్టిన గట్టి మసి, పైకి వచ్చేటప్పుడు ఆ మెత్తని మరలను గీసుకుంటూ వస్తుంది. మొరాయించే ప్లగ్గు ఒక్కటి ఉంటే అనుభవమున్న మెకానిక్కు ఇంజిన్‌ను కాస్త గోరువెచ్చగా చేసి, నూనె వేసి, అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతూ బుజ్జగించి తీస్తాడు. అది వేరు. పది కిలోమీటర్లు తోలి, చేయి పెడితే బొబ్బలెక్కే ఇంజిన్ మీద నాలుగింటినీ లాగేయడం వేరు.

అసలు ప్రమాదం విప్పడంలో కంటే మళ్లీ బిగించడంలో ఉంది. అదే కాలే హెడ్డులోకి షాపు నుంచి తెచ్చిన చల్లని ప్లగ్గు పెట్టి బిగిస్తారు. సాయంత్రానికి హెడ్డు చల్లారి, కుంచించుకుని, ప్లగ్గును గట్టిగా పట్టేస్తుంది. ఈసారి విప్పాల్సి వచ్చినప్పుడు ప్లగ్గు రాదు. వస్తే ఒంటరిగా రాదు. మా వీధిలో ఒక బండికి అలా వచ్చిన ప్లగ్గును చూశాను. దాని మరల సందుల్లో తెల్లటి అల్యూమినియం తీగ చుట్లు చుట్లుగా ఉంది. అది హెడ్డులో ఉండాల్సిన మర.

ఇక పైపు. దీని గురించి కాస్త లెక్క వేద్దాం, ఇంజినీరు చెప్పాడన్నారు కదా. 14 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో కావలసిన బిగువు సుమారు 25 న్యూటన్ మీటర్లు. అంటే జానెడు పిడి ఉన్న రాచెట్ పానా చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత. 12 మిల్లీమీటర్ల మర అయితే 15 నుంచి 20 చాలు, 10 మిల్లీమీటర్లకు 10 నుంచి 12. ఇప్పుడు మూడడుగుల పైపు తొడిగి ఓ మోస్తరు మనిషి 30 కిలోల బలం పెట్టాడనుకోండి, అది 260 దాటుతుంది. పదింతలు! చాలా కార్ల చక్రాల నట్లకే 100 అటూ ఇటూగా సరిపోతుంది. నాలుగు చక్రాల మీద కారును నిలబెట్టే నట్టుకు లేని బలం చిటికెన వేలంత ప్లగ్గుకు ఎందుకు? అంత బలం ఆ అల్యూమినియం మరలు భరించలేవు కనుక నిజానికి 260 దాకా ఎవరూ చేరరు. మధ్యలోనే మర తెగి, రాచెట్ ఒక్కసారిగా తేలికగా తిరగడం మొదలవుతుంది. "ఆహా, వెన్నలా" అనిపించేది అప్పుడే.

గ్రీజు ఈ పనికి మరింత సాయం చేస్తుంది. మర జారుడుగా ఉంటే చేతికి తెలిసే బిగువు ఒకటి, లోపల పడే బిగువు ఇంకొకటి. ఇప్పటి పేరున్న ప్లగ్గుల మరలకు పట్టేయకుండా ఉండే పూత ముందే ఉంటుంది. ఎన్‌జీకే అయితే మరలకు ఏమీ రాయవద్దనే చెబుతుంది. రాయాలని మరీ ముచ్చటగా ఉంటే ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ కింది రబ్బరు గొట్టం లోపలి అంచుకు రవ్వంత డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు రాయండి, మళ్లీ తీసేటప్పుడు అతుక్కోకుండా వస్తుంది.

కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి, లీకవకుండా ఆపేది మీ భుజబలం కాదు, ప్లగ్గు కింద ఉన్న చిన్న వాషర్. అది నలగడానికే చేసినది. పద్ధతి ఇదీ: రాత్రి ఆపిన బండిని పొద్దున్నే, ఎండెక్కకముందు పట్టుకోండి. కొత్త ప్లగ్గు తలకు జానెడు పెట్రోలు రబ్బరు పైపు తొడిగి గుంతలోకి దించి, వేళ్లతో తిప్పండి. మర వంకరగా పడితే రబ్బరు పైపు జారిపోతుంది, ఇక తిరగదు. అప్పుడు వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. చేతితో ఇక తిరగనంత వరకు వచ్చాక రాచెట్ అందుకుని, కొత్త వాషర్ ప్లగ్గు అయితే సగం చుట్టు నుంచి ముప్పావుకు కాస్త తక్కువ దాకా. వాడిన ప్లగ్గునే తిరిగి పెడుతుంటే గడియారం చిన్న ముల్లు ఒక గంటలో జరిగినంత. వాషర్ లేకుండా ఏటవాలు అంచు ఉన్న రకమైతే అంతకంటే తక్కువ, చుట్టులో పదహారో వంతు. బిగువును అంకెల్లో కొలిచే టార్క్ రెంచ్ ఉంటే ఈ లెక్కలేవీ అక్కరలేదు, పుస్తకంలో ఉన్న అంకె పెట్టుకోవడమే. ఫ్యాక్టరీల్లో బోల్టులు బిగించేది అంకెలతోనే. అక్కడ పనిచేసే ఇంజినీరు "మీ బలమంతా పెట్టండి" అన్నాడంటే, ఆయన ఏ విభాగంలో పనిచేస్తున్నారో కనుక్కోవాలి. క్యాంటీన్ అని నా అనుమానం.

మర పోయాక ఏం చేస్తారు? హెలికాయిల్ వేయిస్తారు. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త మర కోసి, ఉక్కు చుట్ట దించుతారు. ఆ కోసేటప్పుడు రాలే అల్యూమినియం రజను సిలిండర్‌లో పడకూడదంటే హెడ్డు విప్పాల్సి రావచ్చు. సాధారణ ప్లగ్గు ధర వంద, రెండు వందలు. హెడ్డు విప్పితే బిల్లు ఎన్ని వేలవుతుందో సందేశంలో పదో పాయింటుగా రాసి ఉంటే బాగుండేది.

ఆరో పాయింటు, "పాత ప్లగ్గులను పెట్రోలులో నానబెట్టి గరుకు కాగితంతో రుద్దితే కొత్తవే. ఇరిడియం అయినా సరే." ఇరిడియం ప్లగ్గు మొన మందం 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్లు. దాన్ని గరుకు కాగితంతో రుద్దడానికే ఎక్కువ ధర పెట్టి కొన్నామా? తీగ బ్రష్షుతో రుద్దితే ఇంకో తంటా, తెల్లని పింగాణీ మీద లోహపు గీతలు పడి కరెంటు వాటి వెంట దారి మళ్లుతుంది. కార్బ్యురేటర్ కాలంలో మామూలు ప్లగ్గులను శుభ్రం చేసి, గ్యాప్ సరిచేసి వాడిన మాట వాస్తవం. ఆ రోజులు వేరు, ఆ ప్లగ్గులు వేరు. పెట్రోలు గిన్నెను వంటింట్లో పెట్టుకోవద్దని కూడా నేనే చెప్పాలా?

ఏడోది, ఇంజిన్ నడుస్తుండగా కాయిళ్లను ఒక్కొక్కటే పీకి ఏ సిలిండర్ చచ్చిందో చూడమంటుంది. ఇప్పటి కాయిల్‌లో పుట్టేది 20 వేల నుంచి 40 వేల వోల్టులు. మీకు తగలకపోతే, అది ఇంకో దారి వెతుక్కుని కాయిల్‌నే కాల్చవచ్చు. పైగా మండని పెట్రోలు నేరుగా పొగను శుభ్రం చేసే కెటాలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ అంటుకుంటుంది. బీఎస్-6 బండిలో ఆ డబ్బా ధర విన్నవారు ఇంకెప్పుడూ నడిచే ఇంజిన్ మీద చేయి వేయరు. అనుమానముంటే ఇంజిన్ ఆపి, రెండు సిలిండర్ల కాయిళ్లను ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి చూడండి. తడబాటు కాయిల్‌తోపాటు పక్క సిలిండర్‌కు మారితే తప్పు కాయిల్‌ది.

ఇప్పుడు ఎనిమిదోది. "విప్పే ముందు ప్లగ్గు గుంతల్లోని దుమ్మును సైకిలు పంపుతో ఊదేయండి." ఇది చదివి నేను రెండోసారి చూశాను. ఇంత మంచి సలహా ఆ సందేశంలోకి ఎలా వచ్చి పడిందో! మన ఎర్రమట్టి రోడ్ల మీద ఏడాది తిరిగిన బండి ప్లగ్గు గుంతలో టార్చి వేసి చూడండి, వేరుశనగ చేలో గాలికి లేచినంత దుమ్ము ఉంటుంది. ప్లగ్గు తీయగానే అదంతా సిలిండర్‌లోకి రాలుతుంది. వీడియోలు చేసే పెద్దలు చాలామంది ఈ మాటే ఎత్తరు. గుంతలో దుమ్ముకు బదులు నూనె కనిపిస్తే మాత్రం పైన వాల్వు కవరు సీళ్లు పోయాయని అర్థం, ముందు వాటి సంగతి చూడాలి.

మెకానిక్కులు దోచుకుంటున్నారన్న ఆ సందేశం ముందుమాటను కూడా పూర్తిగా కొట్టిపారేయలేను. టార్క్ రెంచ్ గోడకు వేలాడుతూ దుమ్ము పట్టి ఉండగా, చేతి అందాజుతో బిగించి పంపేసే షాపులున్నాయి. ఇంట్లో నిదానంగా, బండి పుస్తకం పక్కన పెట్టుకుని చేసేవాడు అంతకంటే శ్రద్ధగానే చేస్తాడు. విప్పిన ప్లగ్గులను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుసగా పేర్చి రంగు చూసుకునే అవకాశం కూడా ఇంట్లోనే దొరుకుతుంది. లేత గోధుమరంగో, బూడిద రంగో అయితే నిశ్చింత. పొడి నల్లమసి అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది. జిడ్డుగా తడిసి ఉంటే ఇంజిన్ నూనె పైకి వస్తోంది. తెల్లగా పొక్కులు లేచి ఉంటే విపరీతమైన వేడి. కొన్ని బండ్లకు ప్లగ్గుల పైన ఇంజిన్‌లోకి గాలి తెచ్చే ఇన్‌టేక్ మానిఫోల్డు అడ్డంగా కూర్చుని ఉంటుంది. ఆ పని షాపుకే వదిలేయండి, పాత ప్లగ్గులు మాత్రం అడిగి తెచ్చుకోండి.

తొమ్మిదోది, బిగించగానే "5,000 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు రేజ్ చేస్తే ప్లగ్గులు కుదురుకుంటాయి." ప్లగ్గు కుదురుకునేది రాచెట్ ఆఖరి సగం చుట్టులో. స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా వినండి. బండి వణుకుతుంటే నూటికి తొంభై పాళ్లు ఏదో ఒక కాయిల్ కనెక్టరు 'టిక్' మనేదాకా కూర్చోలేదు. ఇంజిన్ ఆపి ఒక్కొక్కటే నొక్కి చూడండి. డాష్‌బోర్డులో ఇంజిన్ దీపం మినుకు మినుకుమంటుంటే "సరే, ధర్మవరం దాకా పోయి వస్తే అదే సర్దుకుంటుంది" అనుకోవద్దు. అక్కడే ఆపేసి, కాయిళ్లు తీసి మళ్లీ చూడండి.