చిరుతను ఎందుకు కొట్టేశారు?

ఉగాది కథల పోటీలో మొదటి బహుమతి వచ్చిన కథను మన సంచికలో చదివి నివ్వెరపోయాను. న్యాయనిర్ణేతల్లో నేనూ ఒకరిని కాబట్టి అసలు ప్రతి నాకు తెలుసు. తండ్రీ కూతురూ అలిపిరి నుంచి తిరుమల కొండెక్కుతుంటే మలుపులో చిరుత నిలబడి ఉంటుంది. అచ్చులో చిరుత లేదు! నెమలి, సెలయేరు, సూర్యోదయం మిగిలాయి. తెల్లవారే వెలుగు కోసం కథ రాసిన పిల్ల మనల్ని రెండు పేజీలు చీకట్లో నడిపించింది. ఆ రెండు పేజీలే పోయాయి.

"పండుగ సంచికలో భయం ఎందుకండీ?" అన్నారు సంచిక కమిటీవారు. వారి మాట తీసిపారేయలేను. 2023 ఆగస్టులో ఆ నడకదారిలోనే చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. తరువాత నడిచేవారి చేతికి కర్రలిచ్చారు.

నాకు పదేళ్లప్పుడు మా అవ్వ మెట్లపూజ మొక్కుకుంది. ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, వంగిన నడుము ఎత్తకుండా ఎక్కుతోంది. 3,550 మెట్లు మరి. గాలిగోపురం ఇంకా పైన ఉందనగా దీపాలు ఆరిపోయాయి. పక్క పొదల్లో ఎండుటాకులు గలగలమన్నాయి. అవ్వ కొంగు పట్టుకుని "ఏమిటవ్వా అది?" అన్నాను. ఏమీ లేదంటే నమ్మేదాన్ని కాదు.

"ఏదో జంతువు. దాని ఇంటికే కదా మనం వచ్చింది" అంది. గోవిందా అని గట్టిగా పిలిచింది. కింద ఎక్కడి నుంచో ఎవరో గోవిందా అన్నారు. చీకట్లో ఆమె చేయి తడుముకుంటూ పై మెట్టు అంచును వెతికి పట్టుకుంది. దీపాలు వచ్చాక చూస్తే పసుపు సగం మెట్టు మీద, సగం నా గౌను మీద.

మనకేమో కొండంటే వేదిక వెనుక కట్టే ఫ్లెక్సీ అయిపోయింది. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం అది. చిరుతలూ దేవాంగ పిల్లులూ తిరిగే అడవి. మన చిత్తూరు జిల్లా కేశవరెడ్డిగారు 'అతడు అడవిని జయించాడు' నవలలో పందులు కాసే ముసలివాణ్ణి రాత్రిపూట అడవిలోకి పంపారు. అతని కోసం అడవిని పార్కుగా మార్చలేదు.

దసరా సంచికలో ఆ కథను పూర్తిగా వేయండి. పిల్లలు చదువుతారన్న బెంగ వద్దు, రాసింది పదిహేడేళ్ల పిల్లే. పేజీలు చాలకపోతే నా వ్యాసం తీసేయండి.