‘విడిగా కొనుక్కోవలెను’ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘విడిగా కొనుక్కోవలెను’ గారి సముఖమునకు, కూకట్‌పల్లి నుంచి ఒక అభాగ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి కుశలం పెట్టెలోనే వచ్చింది. నాది విడిగా తెచ్చుకోవాలట, వెతుకుతున్నాను.

తమరు నన్ను ఎరగరు. నేను మాత్రం తమర్ని మూడు నెలలుగా ఎరుగుదును. రిమోట్‌తో అడ్డంగా జారిస్తూ నడిపే డ్రిఫ్ట్ కారు అట్టపెట్టె మీద, పొగలు కక్కుతూ అడ్డంగా జారిపోతున్న ఎర్ర కారు బొమ్మ కింద, ధర స్టిక్కరు సగం కప్పేసిన చోట, చీమ తలకాయంత అక్షరాల్లో కొలువై ఉంటారు. పైన బొమ్మలో ఉన్నవి లోపల ఉండవని చెప్పడం తమరి ఉద్యోగం. ఆ ముక్క ఒక్క భూతద్దాల వాళ్ళకే చెబుతారు.

ఇవాళ ఆదివారం. ఆఖరి పార్సెల్ నిన్న వచ్చింది. పప్పు, వంకాయ కూర కడుపులో పడగానే కారును చంకన పెట్టుకుని సెల్లారులోకి దిగాను. బ్యాటరీ వైరు తీసి, మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ వైరుకు తగిలించబోయాను. బ్యాటరీకి పసుపుపచ్చ ఎక్స్‌టీ60 ప్లగ్గు. ఈఎస్‌సీకి ఎర్రటి టీ ప్లగ్గు. ఇదీ అదీ ఏడు జన్మలెత్తినా కలవవు. రెండింటి మధ్యా పెట్టే అడాప్టరు ఉంటుందట. అది ఎక్కడ దొరుకుతుందో తమరికి చెప్పాలా?

అసలు మొదటి కారు ఎంచుకోవడమంటే కారు ఎంచుకోవడమే అనుకున్నాను. యొకోమో వైడీ-2 బాగుంటుందా, ఎంఎస్‌టీ ఆర్ఎంఎక్స్ బాగుంటుందా, త్రీరేసింగ్ సకురా డీ5తో సర్దుకుపోవచ్చా అని పెళ్ళిసంబంధాలు చూసినట్టు చూశాను. ఒక సీనియర్ గారు, “టమియా టీటీ-02డీ తీసుకో, నాలుగు చక్రాలూ లాగుతాయి, జైరో అనే బుల్లి పరికరం లేకపోయినా నడిచిపోతుంది” అన్నారు. ఇంకో సీనియర్ గారు, “అది కొంటే ఆర్నెల్లలో వెనక చక్రాలే లాగేదానికి వస్తావు, ఆ డబ్బు దండగ” అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. మూడో ఆయన ఏమడిగినా “నీ నేల ఏది?” అనేవారు. కార్పెట్‌కి ఒక రకం టైరు, నున్నటి కాంక్రీటుకి ఇంకో రకం అట. మాది తాండూరు బండలండీ అన్నాను. ఆ తర్వాత ఆయన ఫోను ఎత్తలేదు.

ఇంత చర్చలో తమరి ప్రస్తావన ఒక్కరూ తేలేదు. అందరూ పెట్టె ధరలే పోల్చారు. నేనూ అవే పోల్చాను. 14 వేల పెట్టెకీ 17 వేల పెట్టెకీ మధ్య మూడు వేల తేడా గురించి రెండు వారాలు నిద్ర మానుకున్నాను. ఆ 14 వేల వెనక ఇంకో ముప్ఫై వేల పైచిలుకు క్యూ కట్టి నిలబడి ఉన్నాయని తెలిస్తే హాయిగా పడుకునేవాణ్ణి.

తమరి వంశం నాకు కొత్త కాదు లెండి. మా చెల్లెలి పెళ్ళికి ఫంక్షన్ హాలు మాట్లాడినప్పుడు తమరి పెదనాన్నగారిని కలిశాను: కరెంటు విడిగా, జనరేటరు డీజిలు విడిగా, ఊడ్చినందుకు విడిగా. ఈ ఫ్లాటు కొన్నప్పుడు తమరి మేనమామగారు ఎదురొచ్చారు: పార్కింగ్ విడిగా, కార్పస్ ఫండ్ విడిగా. కానీ ఒకటి ఒప్పుకోవాలి. వాళ్ళు హాలుకు గోడలు ఇచ్చారు, ఫ్లాటుకు తలుపు ఇచ్చారు. మీరు కారుకు చక్రాలు ఇవ్వలేదు.

నిజంగా ఇవ్వలేదు. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ సంచుల్లో మరలు, చేతులు, గేర్లు, బేరింగులు, ఒక పుస్తకం. చక్రాలు లేవు, టైర్లు లేవు. మోటారు లేదు. ఈఎస్‌సీ లేదు. స్టీరింగ్ తిప్పే సర్వో లేదు. చేతిలో పట్టుకునే రిమోటూ లేదు. బొమ్మ మీద ఎర్రగా మెరిసిన ఆ బాడీ కూడా లేదు. నాలుగు వేలు పోసి విడిగా తెప్పిస్తే గాజుగ్లాసులా రంగు లేకుండా వచ్చింది. దానికి రంగు మనమే వేయాలి, అదీ లోపలి వైపు నుంచి. హార్డ్‌వేర్ షాపు స్ప్రే డబ్బా పనికిరాదు, మొదటి గుద్దుకే పొలుసులు పొలుసులుగా రాలుతుంది. పాలీకార్బొనేట్‌కి వేసే రంగు వేరే ఉంటుంది. ఎలా దొరుకుతుందంటారా? మీకు తెలిసిన పద్ధతిలోనే.

‘రెడీ టు రన్’ పెట్టె కొనుక్కోవలసింది అంటారేమో. దాన్నీ చూశాను. రిమోటూ మోటారూ ఉన్నాయి, బ్యాటరీ లేదు, ఛార్జరూ లేదు. పరిగెత్తడానికి రెడీగా ఉండాల్సింది నేనన్నమాట, షాపుకి.

దిగుమతి సుంకం సంగతి ఇక్కడ ఎత్తను. 2020 ఫిబ్రవరిలో బొమ్మల మీద అది 20 శాతం నుంచి 60 శాతానికి లేచినప్పుడు నేను పేపర్లో చదివి, మనకెందుకులే అని పేజీ తిప్పేశాను. లిథియం రకం లిపో బ్యాటరీ పేరు చెబితే కొరియర్ కుర్రాడు బాంబు చూసినట్టు చూశాడు. అదీ వదిలేయండి.

జైరోను మాత్రం వదలను. నిజం కారులో వెనక భాగం జారుతుంటే నడిపేవాడి నడుముకు తెలుస్తుంది, చెయ్యి దానంతటదే స్టీరింగ్‌ను ఎదురు తిప్పుతుంది. పది అడుగుల దూరంలో నిలబడ్డ నా నడుముకు ఏం తెలుస్తుంది, నొప్పి తప్ప? ఆ పని జైరో చేస్తుంది. కారు ఎటు గిరగడుతోందో కనిపెట్టి, నా వేళ్ళు కదిలే లోపలే ముందు చక్రాలను ఎదురు తిప్పుతుంది. వెనక చక్రాలే లాగే కారుకు అది లేకపోతే నాలాంటివాడు ఒక్క మలుపు కూడా తిప్పలేడు. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. మూడు వేలు. కారును కారుగా చేసేది అదే అయినప్పుడు దాన్ని పెట్టెలో పెట్టకుండా ‘జారే కారు’ అని బొమ్మ వేయడానికి నీకు సిగ్గు లేదా? పెళ్ళిపత్రిక మీద అమ్మాయి ఫోటో అచ్చేసి, ముహూర్తానికి ‘అమ్మాయి విడిగా’ అన్నట్టుంది. మూడు నెలల్లో ఎన్ని పార్సెళ్ళు! ప్రతిసారీ మా ఆవిడ, “మళ్ళీ ఏమొచ్చిందండీ?” అంటుంది. ప్రతిసారీ నేను, “చిన్న పార్టే” అంటాను. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆడని అబద్ధాలు నీ మూలంగా మూడు నెలల్లో ఆడాను. అవన్నీ అయ్యాక, ఇవాళ, చివరికి, రెండు వైర్లు కలవవు! ఒరేయ్, ఆ ఒక్క ప్లగ్గు పడేస్తే నీ సొమ్మేం పోయిందిరా?

క్షమించాలి. కొంచెం నీళ్ళు తాగి వచ్చాను.

మొబైల్ రిపేరు కుర్రాడు తన సోల్డరింగ్ కడ్డీ ఆ లావు వైరుకి వేడెక్కదన్నాడు. ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు బాగుచేసే ఆయన ఆదివారమైనా షట్టరు సగం ఎత్తి ఉంచాడు. టీ ప్లగ్గు కత్తిరించి, డబ్బాలోంచి పసుపుపచ్చది ఒకటి తీసి అంటించి ఇచ్చాడు. అరవై రూపాయలు. సీసం ఖర్చు కూడా కలిపేనా అని రెండుసార్లు అడిగాను. వింతగా చూశాడు.

అయిదున్నరకు మళ్ళీ సెల్లారు. ట్రిగ్గరు నొక్కగానే కారు ఉన్నచోటే గిరగిరా తిరిగింది. వాచ్‌మన్ వచ్చి, “ఏంది సార్, బొంగరమా?” అన్నాడు. మూడో అంతస్తు పిల్లాడు నుమాయిష్‌లో కొన్న ఆరు వందల కారు తెచ్చి, దాని గట్టి ప్లాస్టిక్ చక్రాలతో అదే తాండూరు బండ మీద నా ముందే సొగసుగా జారించి చూపించాడు. నా టైర్లూ ప్లాస్టిక్కే. పేరే వేరు, ధరా వేరు.

అరగంటకు తెలిసింది, జైరో తిరగేసి ఉందని. ఎదురు తిప్పాల్సింది పోయి ఇంకా అటే తిప్పుతోంది. దిశ మార్చాను. ఈసారి తోక పక్కకు జారింది, ముందు చక్రాలు అటు మళ్ళాయి, సి-4 స్తంభం చుట్టూ సగం చుట్టు, సన్నటి కీచుమన్న చప్పుడుతో, అడ్డంగా, అచ్చం పెట్టె మీది బొమ్మలా వెళ్ళింది. తర్వాత గోడకు గుద్దుకుంది. రెండు సెకన్లు ఉంటుందేమో. వాచ్‌మన్ ఏమీ అనలేదు. నేనూ ఊపిరి తీసుకోలేదు.

మొత్తం 45 వేలు దాటిందండీ. పద్దు నా దగ్గరుంది, ఎవరికీ చూపించను.

పిల్లాడు తన కారు చంకన పెట్టుకుని నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూసి, “అంకుల్, ఇది ఎంత?” అన్నాడు.

“14 వేలు, బాబూ” అన్నాను.