ఎనిమిదులు చాలు, పెన్‌డ్రైవ్ ఇవ్వండి

రవాణా శాఖ వారికి ఒక విన్నపం. లైసెన్సు పరీక్షలో ఎనిమిదులూ, హెచ్‌లూ వేయించడం ఇక చాలించండి. రివర్స్ చేతకానివాడికి కెమెరా ఉంది, కుయ్‌కుయ్‌మనే సెన్సర్లున్నాయి. ఆ కెమెరా బొమ్మ చూపించే స్క్రీనుకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేయడం చేతకానివాడికి దిక్కెవరు? అందుకే ఇకమీదట అభ్యర్థిని కారులో కూర్చోబెట్టి, చేతికి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి, పక్కన నిలబడి చూడండి.

నిజానికి ఆ పెన్‌డ్రైవ్ కూడా మీరివ్వకండి, వాణ్నే తెచ్చుకోమనండి. మనిషి అసలు రంగు అక్కడే బయటపడుతుంది. దర్జాగా 128 జీబీది తెస్తాడు. డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతులు (ఫార్మాట్లు) కొన్నున్నాయి. చాలా కార్ల స్టీరియోలకు ఇప్పటికీ వాటిలో ఫ్యాట్32 ఒక్కటే నమ్మకంగా వచ్చిన భాష. 32 జీబీ దాటిన డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ అంటే, విండోస్ మామూలుగా ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే పద్ధతులు చూపించి ఊరుకుంటుంది, ఫ్యాట్32 ఊసే ఎత్తదు. మనవాడు ఏదో ఒకటి నొక్కేసి తీసుకెళ్లి గుచ్చుతాడు. ‘అప్‌డేట్ ఫైలు లేదు’ అంటుంది కారు. ఫైలు ఉంది, కారుకి చదవడం రాలేదు, అంతే. ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ. సొరుగు అడుగున పడున్న పాత 16 జీబీ డ్రైవ్ తెచ్చినవాడికి సగం మార్కులు అప్పుడే వేసేయండి. ఒక్క ఫైలే 4 జీబీ మించితే ఫ్యాట్32లో పట్టదు కనుక, అలాంటి కార్లకు వేరే ఫార్మాట్ వాడమని కంపెనీ సూచనల్లోనే ఉంటుంది. సూచనలు చదివే అభ్యర్థి తగిలితే లైసెన్సు వాళ్లింటికి తీసుకెళ్లి ఇవ్వండి.

తర్వాత డౌన్‌లోడ్. అక్కడ కారు ఛాసిస్ నంబరు అడుగుతారు, అది అంకెలతో కలిపి 17 అక్షరాలు. అందులో ఇంగ్లిషు ఐ, ఓ, క్యూ ఉండవు. గుండ్రంగా కనిపించినదల్లా సున్నాయే. ఓ కొట్టి ‘ఇది నా కారే కాదంటోంది’ అని కన్నీళ్లు పెట్టుకున్నవాణ్ని వచ్చే నెల రమ్మనండి. మూటకట్టి వచ్చిన జిప్ ఫైలు విప్పాక లోపలి ఫైళ్లు డ్రైవ్ తెరవగానే కనిపించాలి, ఫోల్డర్లో ఫోల్డర్, దాని కడుపులో ఇంకో ఫోల్డర్ ఉంటే కారు అంత దూరం వెతకదు. రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజరు ఫైలు పేరు చివర బ్రాకెట్లలో 1 అంకె తగిలిస్తుంది. కారు వెతికేది అసలు పేరు కోసం. ఒక్క అంకె తేడాకి గంట కాలం హుళక్కి.

ప్రాక్టికల్ పరీక్ష ఆరుబయట పెట్టండి. ఇంజన్ ఆన్‌లో ఉంచాలి గనుక మూసిన షెడ్డులో పెడితే పొగకి అభ్యర్థే మిగలడు. ఇంజన్ ఆపి చేస్తే, నిండుగా ఉన్న బ్యాటరీ కూడా 12.6 వోల్టుల దగ్గర మొదలై కిందికి జారుతుంది. ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ 14 వోల్టుల దాకా నిలబెడుతుంది. బెజవాడలో మే నెల మధ్యాహ్నం పెడితే ఓర్పు కూడా తేలిపోతుంది. ఏసీ మీటలు ఆ స్క్రీనులోనే ఉన్న కారైతే, అది నల్లబడ్డ అరగంటా ఉన్న చలితోనే సర్దుకోవాలి.

అప్‌డేట్ ఎంతవరకు వచ్చిందో చూపే బార్ 63 శాతం దగ్గర ఆగుతుంది. కదలదు. స్క్రీను ఆరిపోతుంది, లోగో వస్తుంది, మళ్లీ ఆరిపోతుంది. ఇక్కడే అభ్యర్థి చెయ్యి పెన్‌డ్రైవ్ వైపు పాకుతుంది. పాకిన చేతికి సున్నా! లోపల ఫ్లాష్ మెమరీలో పాత సాఫ్ట్‌వేర్ చెరిపి కొత్తది రాస్తున్న సమయమది. సాఫ్ట్‌వేర్‌ని రెండు ప్రతులుగా దాచుకునే స్టీరియో యూనిట్ అయితే పాతదానితో బతికి బయటపడుతుంది. ఒక్కటే ఉన్నదైతే లోగో చూపిస్తూ సర్వీస్ సెంటర్‌కి చేరుతుంది.

తప్పు ఎప్పుడూ మనదేనా అని ఎవడైనా ఎదురడిగితే బోనస్ మార్కులివ్వండి. 2022 జనవరిలో సియాటిల్‌లో 94.9 రేడియో స్టేషన్ పంపిన బొమ్మల ఫైళ్లకు పేరు చివరి తోక (.jpg లాంటిది) లేకపోవడంతో 2014–17 నాటి కొన్ని మాజ్డా కార్ల స్టీరియోలు ఇంకో స్టేషన్‌కి మారకుండా ఆ స్టేషన్ మీదే బిగుసుకుపోయాయి. యూనిట్ మార్చాలంటే సుమారు 1,500 డాలర్లన్నారు. 2023 నవంబరులో అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ రివియన్, తప్పు భద్రతా సర్టిఫికెట్లున్న (సాఫ్ట్‌వేర్ అసలైనదని చెప్పే డిజిటల్ ముద్రలు) అప్‌డేట్‌ను పెన్‌డ్రైవ్ లేకుండా ఇంటర్నెట్ మీదే కార్లకు పంపి స్క్రీన్లు ఆర్పింది. వేలు జారిందని కంపెనీయే చెప్పుకుంది. వాళ్ల వేలు జారితే ‘విచారిస్తున్నాం’, మన వేలు జారితే ‘వారంటీ వర్తించదు’.

అప్‌డేట్ అయ్యాక ఒక్కోసారి ఫోనుకి బ్లూటూత్ కలవదు. ఫోనులోనూ కారులోనూ రెండుచోట్లా పాత జత చెరిపేసి కొత్తగా కలపాలి. ఒకచోటే చెరిపితే రెండోది పాత తాళంచెవితోనే తలుపు తడుతూ కూర్చుంటుంది.

చివరగా వైవా. ఒకే ప్రశ్న: ఇంత చేశాక కారులో ఏం మారింది? ‘పనితీరు మెరుగుపడింది, చిన్నచిన్న లోపాలు సరిచేశారు’ అన్నవాడు పాస్. ఏ లోపాలని తిరిగి అడిగినవాడికి ఎనిమిది వేయించండి.