మైసూరు సిరా గారికి ఒక ఓపీఓ మనవి

మహారాజశ్రీ చెరగని సిరా గారి దివ్య సముఖమునకు,

ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఫిజికల్ సైన్స్ టీచరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మైసూరులో తమరూ క్షేమమని తలుస్తాను.

మీది రాచపుట్టుక. మీ కార్ఖానాను 1937లో పెట్టించినది నాల్వడి కృష్ణరాజ ఒడెయరు. లక్క, రంగులు తయారుచేసుకునే ఆ సంస్థ ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వానిది. 1962 సాధారణ ఎన్నికల నుంచి దేశంలోని ఎడమ చూపుడు వేళ్లన్నీ మీ ఏలుబడిలోనే ఉన్నాయి. రాజ్యాలు పోయినా ఇంత మంది చేత చేతులు చాపించుకుంటున్న సంస్థానం మరొకటి లేదు.

మన పరిచయం ఎన్నికల విధుల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి 2024 మే 13న పోలింగు జరిగినప్పుడు నేను ఓపీఓను. అంటే ఇతర పోలింగ్ అధికారిని. ప్రిసైడింగ్ అధికారీ, ఆయన సహాయకుడూ కాక మిగిలినవాళ్లందరం ‘ఇతరుల’మే. నా బల్ల మీద ఓటర్లు సంతకం పెట్టే 17ఏ రిజిస్టరు, స్లిప్పుల కట్ట, వాటి పక్కన తమరు. సీసా ఒరిగిపోకుండా గ్లాసులో ఇసుక పోసి అందులో నిలబెట్టాలని శిక్షణలో చెప్పారు. మా రాష్ట్రంలో గ్లాసెడు ఇసుక సంపాదించడం కూడా రాజకీయమే, కానీ దాని గురించి వేరే లేఖ రాస్తాను.

పొద్దున్న మొదలై చీకటి పడేదాకా నేను మనుషుల ముఖాలు చూడలేదు, వేళ్లే చూశాను. మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్ల వేళ్లు, పత్తి తీసి తీసి గోటి మొదట్లో చీలిన వేళ్లు, సూది గుచ్చుకున్న గుర్తులున్న దర్జీ వేలు, గోరింటాకు ఇంకా వెలవని కొత్త కోడలి వేలు. హైదరాబాదు నుంచి రాత్రంతా బస్సులో నిలబడి వచ్చిన కుర్రాళ్ల వేళ్లు మెత్తగా ఉంటాయి, ఫోను తప్ప మరొకటి పట్టనివి. రాళ్లు కొట్టే ఒక తాతకు గోరు దాదాపుగా లేదు. గోటి పైనుంచి మొదటి కణుపు దాకా గీత గీయాలని నియమం. లేని గోటి మీద గీత ఎక్కడ మొదలుపెట్టాలో చేతి పుస్తకంలో రాయలేదు. ఆయనే వేలు అటూ ఇటూ తిప్పి, “ఎక్కడో ఒకచోట పెట్టమ్మా, నేను దొంగ ఓటు వేసేవాణ్ణి కాదులే” అన్నాడు.

పెద్దవాళ్లతో మరో చిక్కు. ఎడమ చేయి చాపమంటే వాళ్లకు మొహమాటం. చిన్నప్పటి నుంచి ఏది ఇచ్చినా పుచ్చుకున్నా కుడి చేత్తోనే అని పెంచిన తరం. ముందు కుడి చేయి వస్తుంది, నేను వద్దంటే తప్పు చేసినట్టు ముఖం పెట్టి ఎడమది ఇస్తారు. కుడి చేత్తో చేసిన దానం ఎడమ చేతికి తెలియకూడదంటారు కదా. మా దగ్గర అంతకుముందు రాత్రి గుమ్మంలో కవరు అందుకునేది కుడి చేయి, మర్నాడు మీ ముందు చాపేది ఎడమ చేయి. రెండింటికీ పరిచయం లేకుండా ఏర్పాటు చేసినవాళ్లకు సామెతలు బాగా తెలిసి ఉండాలి.

మీ గురించి చాలామందికి తెలియని రహస్యం ఒకటి ఉంది, బయటపెడుతున్నందుకు కోపగించుకోకండి. మిమ్మల్ని ఓటు వేశాక పూయరు, వేయకముందే పూస్తారు. గీత గీయించుకుని, సంతకం పెట్టి, ఆ తర్వాత ‘నేను ఓటు వేయను’ అని వెనుదిరిగిపోయే హక్కు కూడా ఓటరుకు ఉంది, దానికి 49-ఓ అనే నియమమే ఉంది. కాబట్టి పోలింగు రోజు సాయంత్రం ప్రముఖులు కెమెరాల వైపు చాపే ఆ వేలు, ఓటు వేశారనడానికి కాదు, బల్ల దాకా వచ్చారనడానికి రుజువు. బడిలో మేము వేసే హాజరు కూడా ఇంతే. వచ్చాడా లేదా అన్నదే, విన్నాడా అన్నది ఎవరూ అడగరు.

నా విషయం ఇంకా విచిత్రం. ఎన్నికల విధుల్లో ఉన్నాను కనుక నా ఓటు ముందే పోస్టల్ బ్యాలెట్‌లో పడిపోయింది, నాకెవరూ గీత గీయలేదు. పోలింగు అయ్యేసరికి మాత్రం నా కుడి చేతి వేళ్లు మూడూ నల్లబడి ఉన్నాయి. ఆ చేత్తోనే అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరి పెరుగన్నం కలుపుకుంటుంటే మా అమ్మాయి చూసి, “అమ్మా, నువ్వు ఎన్ని ఓట్లు వేశావు?” అంది. తనకు అది మొదటి ఓటు. సెల్ఫీలో వేలు స్పష్టంగా రాలేదని దాని బాధ దానిది.

దానికి మీ రసాయనం చెప్పాను, ఉపాధ్యాయురాలిని కదా, ఊరుకోలేను. మీలో ఉన్నది సిల్వర్ నైట్రేట్. చర్మం మీది ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడు అవుతుంది, అది నీళ్లలో కరగదు. వెలుతురు తగిలితే అందులోని వెండి బయటపడి నల్లబడుతుంది. అందుకే బూత్‌లో ఊదాగా ఉన్న గీత ఎండలోకి రాగానే ముదురుతుంది. చర్మం మీది మచ్చ కొన్ని వారాల్లో పొరతో పాటు రాలిపోతుంది, గోటి మీదిది గోరు పెరిగి కత్తిరించుకునే దాకా నెలల తరబడి ఉంటుంది. మా అత్తయ్య పెళ్లి ఫోటో తీసిన ఫిల్ములో ఉన్నవీ వెండి లవణాలే. దేశంలో కోట్లమంది గోళ్ల మీద ఒకేసారి ఇంత ఫోటోగ్రఫీ జరుగుతుంటే, పడే బొమ్మ మాత్రం అందరికీ ఒకటే.

అత్తయ్య ఇదంతా విని, “మా రోజుల్లో చుక్క పెట్టేవారు. ఇప్పుడు గీత గీస్తున్నారు. నమ్మకం తగ్గేకొద్దీ చుక్క సాగిందన్నమాట” అంది. 2006లో చుక్క గీతగా మారినప్పుడు అధికారులు ఇంత సూటిగా కారణం చెప్పినట్టు నాకు గుర్తు లేదు. ఎవరికి వేశావమ్మా అని మావారు అడిగితే వేలు చాపి, “ఇందులో రాసి ఉంటే చదువుకో” అంది. మా వీధి నాయకుడు మా ఇంటిని నాలుగు ఓట్లుగా లెక్క వేసుకుంటాడు. ఆ నాలుగూ నాలుగు దారులని అతనికి తెలియదు, మాకూ తెలియదు, మీకు అసలే తెలియదు. మీలో నాకు నచ్చిన గుణం అదొక్కటే. డల్లాస్‌లో ఉన్న మా మరిది మాత్రం తాను ఎవరిని గెలిపిస్తున్నాడో ఫోనులో రోజూ చెప్పేవాడు. విదేశంలో ఉన్నవాళ్లు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు కానీ ఓటు వేయాలంటే స్వయంగా రావాలి. ఆయన వేలు ఇప్పటికీ తెల్లగానే ఉంది.

అత్తయ్య అన్నది నన్ను వదల్లేదు. నమ్మకం లేని చోటల్లా మీ సీసా మూత తీస్తారు. 2016 నవంబరులో పాత నోట్లు మార్చుకోవడానికి బ్యాంకుల ముందు నిలబడ్డవాళ్ల కుడి చేతి వేలికి మిమ్మల్ని పూయాలన్నారు. మాకు ఎన్నికలున్నాయి, గందరగోళం చేయకండని ఎన్నికల సంఘం అడ్డుపడవలసి వచ్చింది. 2020 మార్చిలో కరోనా మొదలవగానే మహారాష్ట్రలో ఇళ్లలో విడిగా ఉండాల్సినవాళ్ల ఎడమ చేతి వెనుక మీతోనే ముద్రలు వేశారు. రెండు ఓట్లు వేస్తాడేమో, రెండుసార్లు నోట్లు మారుస్తాడేమో, ఇల్లు దాటి వస్తాడేమో అని అనుమానం ఎప్పుడూ వరుసలో నిలబడ్డవాడి మీదే.

వరుసలో నిలబడనివాళ్లకు మీరు కాదు, పార్టీ కండువా. మెత్తగా ఉంటుంది, ఉతికితే పోతుంది, తీసి పక్కన పెడితే ఇంకొకటి పడుతుంది. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైకాపా గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశం కండువా కప్పుకున్నారు. 2019లో తెలుగుదేశానికి వచ్చినవి సరిగ్గా 23 సీట్లే కావడం గణితం మాస్టారికి నేను వేసిన పొడుపుకథ, ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అదే ఏడాది జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెసు ఎమ్మెల్యేల్లో 12 మంది తెరాసలో కలిశారు. తర్వాత గాలి తిరిగింది. భారాసలో గెలిచిన పది మంది కాంగ్రెసు వైపు నడిచారన్న ఫిర్యాదులు స్పీకరు దగ్గర కదలకపోతే, మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. రంగులు ఏవైతేనేం, నేత ఒకటే.

ఫిరాయింపులను ఆపే చట్టం లేదని కాదు. 1985లో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలు వచ్చింది, 2003లో దాన్ని బిగించారు. బిగించాక తేలిన సారాంశం: ఒంటరిగా గోడ దూకితే ఫిరాయింపు, మూడింట రెండు వంతుల మంది చేతులు పట్టుకుని దూకితే విలీనం. మా బడిలో ఇదే పద్ధతి పెడితే తరగతిలో మూడింట రెండు వంతుల మంది కలిసి కాపీ కొడితే దాన్ని సమష్టి అధ్యయనం అనవలసి వస్తుంది.

కాబట్టి నా మనవి ఇది. తమరు ప్రమాణ స్వీకారానికి కూడా దయచేయాలి. సభ్యుడు దైవసాక్షిగా అనగానే ఎడమ చూపుడు వేలికి ఒక గీత, గెలిచిన పార్టీ లెక్కన. సభలోకి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర వేలు తనిఖీ, నేను ఆ తాత వేలు చూసినంత శ్రద్ధగా. గోరు పెరిగి గీత పోయినప్పుడల్లా మళ్లీ వేయాలి, అయిదేళ్లు కదా.

నియమాలు కొత్తగా రాయనక్కర్లేదు, ఓటరు కోసం రాసినవే సరిపోతాయి. ఎడమ చూపుడు వేలు లేకపోతే ఆ చేతి మరో వేలికి, ఎడమ చేతికి వేళ్లే లేకపోతే కుడి చేతికి, అదీ లేకపోతే చేతి చివర పూయాలని ఇప్పటికే స్పష్టంగా ఉంది. ‘వేలు లేకపోతే’ అన్నచోట ‘వేలు ఇదివరకే వాడేసి ఉంటే’ అని మార్చుకుంటే చాలు. కొందరు సీనియర్లకు మొదటి రోజే కుడి చేతి నుంచి మొదలుపెట్టవలసి రావచ్చు.

ఖర్చుకు జంకవద్దు. పది మిల్లీలీటర్ల మీ సీసా సుమారు 700 వేళ్లకు వస్తుంది. మా రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ కలిపితే 175, 119, మొత్తం 294. మనిషికి రెండు కండువాలు వేసుకున్నా 588 గీతలు, ఒక్క సీసాలోనే ఇంకా మిగులుతుంది. అయితే మూడో కండువా వాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను తక్కువ అంచనా వేయలేను. రెండు సీసాలు పంపించండి.

ఇట్లు,
విధేయురాలు,
తమ గీతకు నోచుకోని ఒక ఓపీఓ