డబ్ల్యూడీఎం-2కు గొంతు పెట్టిన వైనం

బొమ్మ రైలింజనుకు సౌండ్ డీకోడర్, అంటే పట్టాల గుండా వచ్చే ఆజ్ఞలను అందుకుని ఇంజనును నడుపుతూ దాని చప్పుడునూ వినిపించే చిన్న సర్క్యూటు, అమర్చదలచినవారు దాని ధర కంటే ముందు విచారించవలసినది, తమ ఇంటి చుట్టుపక్కల విశ్రాంత రైలు డ్రైవర్లు ఎవరైనా కాపురం ఉంటున్నారా అన్న సంగతి. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటూ కూడా మా బావగారు ఈ విచారణ చేయలేదు. డీజిల్ ఇంజన్లన్నీ ఒకేలా మోగుతాయన్న ధీమాతో, ఈఎండీ అనే అమెరికా కంపెనీ ఇంజను ధ్వని నింపిన డీకోడరును తెచ్చి డబ్ల్యూడీఎం-2 అనే మన రైల్వే డీజిల్ ఇంజనుకు 1:87 నిష్పత్తిలో చేసిన నమూనాలో బిగించారు.

పై వాటాలోని డ్రైవరుగారు కాఫీ గ్లాసుతో దిగివచ్చి, కళ్ళు మూసుకుని కాసేపు విని, "ఏమయ్యా, పక్కింటి పిల్లాణ్ణి తెచ్చి మావాడని చూపిస్తావా? ఇది ఆల్కో కాదు" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. 1962లో అమెరికా నుంచి వచ్చి, ఆ తరువాత వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2లో ఉండేది 2600 అశ్వశక్తి గల పదహారు సిలిండర్ల, ఆల్కో అనే మరో అమెరికా కంపెనీవారి 251, అంటే ఫోర్ స్ట్రోక్ ఇంజను. బావగారు తెచ్చినదేమో టూ స్ట్రోక్ చప్పుడు. నిలబడి ఉన్న ఆల్కో గుడగుడను ఉద్యోగమంతా విన్న చెవులను ఏమార్చడం ఎవరి తరం?

అదే ఆల్కో 251 అమెరికా ఇంజన్లలోనూ ఉన్నందువల్ల దాని ధ్వని సులువుగానే దొరికింది. బావగారు దానిని లోక్‌సౌండ్ అనే రకం డీకోడరులోకి ఎక్కించి, అక్కయ్య టార్చి పట్టుకోగా ఎరుపు, నలుపు తీగలను పట్టాల వైపుకు, నారింజ, బూడిదరంగు తీగలను మోటారుకు అతికించారు. స్పీకరును మాత్రం, చోటు చాలదని, వెనుక ఉండవలసిన చిన్న డబ్బా లేకుండానే పెట్టేశారు. డబ్బా లేని స్పీకరులో ముందు నుంచి వచ్చే ధ్వనిని వెనుక నుంచి వచ్చేది చంపేస్తుంది గనుక, 2600 అశ్వశక్తులూ కలిసి కీచుమని ఊరుకున్నాయి. ఆయన, డీకోడరు అమరికలుండే సీవీలనే అంకెల గళ్ళలో 63వ దానిలో ఉండే వాల్యూమును చివరికంటా పెంచారు. మర్నాడు డబ్బా బిగించారు గానీ, వాల్యూము తగ్గించడం ఆయనకు స్ఫురించలేదు.

ఈలోగా పాత డీకోడరు వృథా కాకూడదని, అసలుకే ఈఎండీ ఇంజను గల డబ్ల్యూడీపీ-4 నమూనాలో దానిని అమర్చారు. కంపెనీ నుంచి వచ్చే ప్రతి డీకోడరు చిరునామా 3 అనీ, మార్చుకోకపోతే ఒకే చిరునామా గల ఇంజన్లన్నీ ఒకే ఆజ్ఞకు కదులుతాయనీ డబ్బాలోని కాగితంలో ఉంది. ఆ కాగితం మీద అక్కయ్య వడియాలు పెట్టింది.

సాయంత్రం బంధువులందరి ఎదుటా బావగారు 3 నొక్కి, వేగం పెంచి, హారన్ మోగించారు. గుండ్రటి పట్టాల మీద ఎదురెదురుగా నిలిపిన రెండు ఇంజన్లూ ఒక్కసారిగా కూతపెట్టి, ఒకదానిపైకి ఒకటి బయలుదేరి, అట్టముక్క సొరంగంలో ముఖాముఖి గుద్దుకున్నాయి. ఆల్కో హారన్ మాత్రం ఆగలేదు. వీధిలో కుక్కలు అందుకున్నాయి.

డ్రైవరుగారు మెట్ల మీది నుంచే "ఒకే లైనులో రెండు బండ్లకు లైన్ క్లియర్ ఎవరిచ్చారు?" అని గద్దించి, కిందికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఎంక్వైరీ మొదలుపెట్టారు. మొదటి సాక్షిగా పిలిపించిన అక్కయ్య, తన డ్యూటీ టార్చి పట్టుకోవడం వరకేనని వాంగ్మూలం ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.